బదులు కూత

ఆ ఎండాకాలం, మా ఆయన రావడం లేదని రోజుకు రెండుసార్లు పచ్చజెండా ఊపి చెప్పడమే నా ఉద్యోగం.

చెబితే నవ్వుతారు గానీ నిజం. రెండు వేల ఆరులో, భద్రాచలంలో రాములవారి కల్యాణం అయిపోయిన వారానికే మా పాత బొగ్గుగని రైలును మళ్లీ నడిపారు. గని మూతపడ్డాక ఆ సన్నపట్టాలూ, రెండు చిన్న ఇంజన్లూ ఎవరికీ అక్కర్లేక అడవిలో పడి ఉన్నాయి. పట్టాల మధ్య టేకు మొక్కలు మొలిచి మనిషెత్తు పెరిగాయి. ఎవరో టూరిస్టు కంపెనీవాళ్లు వచ్చి, పర్ణశాల చూసిపోయే జనాన్ని ఇటు తిప్పితే బాగుంటుందనుకుని, నాలుగు డబ్బాలకు రంగులేసి హెరిటేజ్ రైలన్నారు. స్టీము ఇంజను నడపడం తెలిసిన మనిషి ఆ చుట్టుపక్కల మా మామ పగిడయ్య ఒక్కడే మిగిలాడు.

"వస్త. గానీ గార్డుగ మా కోడలే ఉండాలె" అన్నాడట మామ.

మేనేజర్ జయప్రకాశ్ సత్తుపల్లి మనిషి. "ఆడ గార్డంటే ఫొటోలకు బాగుంటుందండీ" అని వెంటనే ఒప్పుకున్నాడు. నాకు నీలం చీర, ఒక టోపీ, ఎర్రది ఒకటి, పచ్చది ఒకటి జెండాలిచ్చారు. టోపీ నా కొప్పు మీద ఒక్క నిమిషం నిలిచేది కాదు. టూరిస్టులు నన్ను నిలబెట్టి ఫొటోలు తీసుకుంటుంటే, మా ఊరి ఆడవాళ్లు ఇప్పచెట్ల చాటునుంచి పగలబడి నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. మామ నన్నే ఎందుకు అడిగాడో మాత్రం మొదటిరోజే అర్థమైంది.

మా లైను ఒంటి లైను. గని నడిచే రోజుల్లో ఒక చివర నుంచి స్టీము, ఇంకో చివర నుంచి డీజిలు వచ్చేవి. మధ్యలో గుట్టను కోసి వేసిన మలుపు ఒకటుంది. ఇవతలివాళ్లకు అవతల ఏముందో కనిపించదు. ఫోనులూ సిగ్నళ్లూ లేవు కాబట్టి, పాతవాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. మలుపు ముందు పక్కలైనులో బండి ఆపి స్టీము ఇంజను ఒక పొడుగు కూత వేస్తుంది. అవతల డీజిలు ఉంటే రెండు పొట్టి హారన్లతో బదులిస్తుంది. బదులొస్తే, అది దాటి వెళ్లేదాకా ఇది కదలకూడదు. రాకపోతే గార్డు దిగి ఇంజను కంటే ముందు నడవాలి. మలుపు మొన దగ్గర ఒక తెల్లబండ ఉంది. దాని మీద నిలబడితే రెండు వైపులా కనిపిస్తుంది. అవతల ఎవరూ రావడం లేదని చూసుకుని గార్డు పచ్చజెండా ఎత్తితేనే బండి కదులుతుంది.

ఆ రోజుల్లో స్టీము మీద మామ ఉండేవాడు. డీజిలు మీద మా ఆయన శివ.

మొదటిరోజు మలుపు దగ్గర బండి ఆగింది. పొడుగు కూత వినిపించింది. ఇంజనేమైనా చెడిపోయిందేమోనని చివరి డబ్బాలోంచి తొంగి చూశాను. అవతల నుంచి రావడానికి ఏమీ లేదు. డీజిలు ఇంజను గని దగ్గర షెడ్డులో తార్పాలిన్ కింద పడి ఉంది. అయినా మామ కిటికీలోంచి సగం బయటికి వంగి, మలుపు వైపు చెవిపెట్టి ఉన్నాడు. ఆయన వెనక ఫైర్‌మన్ బొజ్జయ్య, పార పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు.

కాసేపయ్యాక మామ వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"నడువు బిడ్డా" అన్నాడు. "బదులు రాలే."

నడిచాను. ఇంకేం చేస్తాను? తెల్లబండ ఎక్కి అటు చూశాను. పట్టాలు, ఎండ. ఇటు తిరిగి పచ్చజెండా ఎత్తాను. ఎవరూ రావడం లేదని చెప్పాను.

శివ పోయి అప్పటికి నాలుగేళ్లు. పోయి అని రాస్తున్నాను గానీ, అప్పుడు ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనకూడదు. గని మూతపడ్డాక బీడీల తునికాకు కల్లం దగ్గర లోడింగు పనికని గోదావరి వైపు వెళ్లాడు. ఆదివారం వస్తానన్నాడు. రాలేదు. వాగులో పడ్డాడని ఒకరు, అడవిలో అన్నల్లో కలిశాడని ఒకరు అన్నారు. ఇంకొకడు వచ్చి, అవతలి ఒడ్డు ఊళ్లో ఎవరో ఆడమనిషితో చూశామన్నాడు. వాణ్ని మా అత్త కన్నమ్మ చీపురు తిరగేసి వాకిలి దాటేదాకా తరిమింది. నాకైతే ఆ మూడో మాటే నిజం కావాలని ఉండేది. కనీసం బతికుండేవాడు కదా.

మామ తిరగని ఠాణా లేదు, దవాఖానా లేదు. ఎక్కడా మనిషి లేడు, శవమూ లేదు. చివరికి ఆయనకు మిగిలింది ఆ కూత. ఎక్కడున్నా వాడు తన కూత గుర్తుపడతాడని ఆయన నమ్మకం.

వారం తిరిగేసరికి అది కాస్తా తమాషా అయిపోయింది. బండి ఆగి, కూత వేసి, నిశ్శబ్దంగా నిలబడటం టూరిస్టులకు తెగ నచ్చింది. మొదట్లో "ఏంటండీ పగిడయ్యగారూ, ఈ ఆలస్యం" అని గొణిగిన జయప్రకాశ్, మలుపు దగ్గర ఎకో పాయింట్ అని బోర్డు పాతించాడు. మామ కూత వేయగానే నాలుగు డబ్బాల్లో పిల్లలు, పెద్దలు నోటికి చేతులడ్డం పెట్టుకుని "కూ... కూ..." అని అరిచేవాళ్లు. ఆ అరుపుల మధ్యే మామ అవతలి కూత కోసం వినేవాడు. ఒకరోజు నేను పట్టలేక, "నోళ్లు మూస్తరా జరంత!" అని కసిరాను. అది కూడా షోలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. ఏం చేయను వాళ్లను?

మా ఇల్లు మలుపుకు కూతవేటు దూరం. మా అత్త పెరట్లో కూర్చుని అంతా వినేది. కూత, తర్వాత నిశ్శబ్దం, తర్వాత బండి మళ్లీ కదిలే చప్పుడు. నిశ్శబ్దం ఎంతసేపుందో, అంతసేపూ ఆమె చేతిలో పని ఆగేది. ఏ రోజూ నన్ను ఏమీ అడగలేదు.

పెరడంటే ఒక సంగతి చెప్పాలి. శివ పోయిన మరుసటి ఏడు మా అత్త వాగు దగ్గర నుంచి ఒక పొడుగాటి రాయిని ఎడ్లబండి మీద తెప్పించింది. ఎందుకత్తా అంటే బట్టలుతకడానికి అంది. సరేనని నేను బట్టలు పట్టుకెళ్తే, "దాని మీద ఒద్దు" అని ఉరిమింది. తను కూడా ఉతకదు. కూర్చోనివ్వదు, ఆవు కట్టనివ్వదు. దారికడ్డంగా పడుకున్న ఆ రాయికి చీకట్లో ఎన్నిసార్లు కాలి బొటనవేలు కొట్టుకుని తిట్టుకున్నానో నాకే తెలుసు.

ఎండలు ముదిరాక మా అన్న నాగరాజు వచ్చాడు. అన్న ముదిగొండలో ట్రాక్టరు నడుపుతాడు. మామిడికాయలు తెచ్చాడు, అత్తకు చీర తెచ్చాడు. అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక గొంతు సవరించుకున్నాడు.

"మా ఊర్ల ఒక మనిషున్నడు చెల్లె. రైసుమిల్లుల పని. భార్య జెరమొచ్చి సచ్చిపోయింది. మంచోడు. మన కులంల మారుమనువు తప్పుగాదు గద. ఇంకెన్నేండ్లని గిట్ల? మనిషి పోయి నాలుగేండ్లాయె."

"పోలే. రాలే" అన్నాను.

"రెండు ఒక్కటేనే."

"ఒక్కటి గాదు."

మామ గోడకానుకుని చుట్ట వెలిగించుకుంటున్నాడు. ఒక దమ్ము లాగి అన్నాడు. "తొలివాన పడేదాంక ఆగు నాగరాజు. వానలొస్తే బండి బందయితది. అప్పటిదాంక పిలుస్త. ఆడు పలికితే పిల్ల ఈడనే ఉంటది. పలకకపోతే తీస్కపో."

అన్న తలూపాడు. అత్త తలూపింది. ముగ్గురూ కలిసి నా బతుకును ఒక కూతకు కట్టేశారు. నన్ను ఒక్కరూ అడగలేదు. ఎంత కోపమొచ్చిందంటే, గిన్నెలు కడుగుతూ ఒకదాన్ని సొట్టపోయేలా విసిరికొట్టాను. అత్త వచ్చి ఆ గిన్నె తీసుకుని పక్కన కూర్చుంది.

"మీ అన్నకు కబురు పంపింది నేనే" అంది.

నేను చేతిలో గిన్నె కింద పెట్టి ఆమె వైపు తిరిగాను.

"నీ మామతోని చెప్పకు. ఆయన తండ్రి గద, పిలుస్తనే ఉంటడు. పిలుసుడు బందు పెట్టుమని నేనెట్ల అంట?" సొట్టను బొటనవేలితో నొక్కుతూ అంది. ఆమె కొడుకు బతికి ఉన్నాడని అనుకోవడం లేదని అప్పుడు తెలిసింది. ఎప్పటినుంచి అనుకోవడం లేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

అది జరిగిన కొన్నాళ్లకే.

మధ్యాహ్నం ట్రిప్పు. వడగాలికి జనం పలచగా ఉన్నారు. అందరూ వాడిపోయి ఉన్నారు, అరిచే ఓపిక ఎవరికీ లేదు. మలుపు దగ్గర బండి ఆగింది. మామ కూత వేశాడు. ఇక దిగి నడవాల్సిందే కదా అని నేను అప్పటికే ఒక కాలు నేల మీద పెట్టాను.

గుట్ట అవతల నుంచి రెండు పొట్టి హారన్లు వినిపించాయి.

గాలికి వచ్చిన చప్పుడు కాదు. ఒకటి, కొంచెం ఆగి ఇంకొకటి. శివ రెండోదాన్ని కాస్త లాగి వదిలేవాడు. అలాగే లాగి వదిలినట్టుంది.

డబ్బాలో ఎవరో "ఎకో అదిరింది బాస్" అన్నారు. ముందు ఇంజనులో బొజ్జయ్య బొగ్గు ఎత్తిన పార ఎత్తినట్టే నిలబడిపోయాడు. మామ కూత తాడు వదిలేసి, కిటికీ అంచును రెండు చేతులా పట్టుకున్నాడు.

బదులొస్తే కదలకూడదు. బండి కదల్లేదు. జనం నీళ్ల సీసాలు ఖాళీ చేశారు. ఒక పసివాడు ఏడుపు మొదలుపెట్టాడు. మలుపులోంచి ఏదీ రాలేదు. మామ మాత్రం కన్నార్పకుండా అటే చూస్తున్నాడు. అలా వదిలేస్తే ఆయన పొద్దుగూకేదాకా, ఆ మాటకొస్తే వచ్చే ఏడు దాకా అక్కడే ఉండేవాడు. నేను జెండాలు తీసుకుని ఇంజను దగ్గరికి వెళ్లాను.

"రూలు కాదు బిడ్డా" అన్నాడు నన్ను చూసి. "బదులొచ్చింది."

"తెలుసు మామా. సూసొస్త."

ఆయన ఆపలేదు. నడిచాను. పట్టాల కింది స్లీపర్లు చెప్పుల్లోంచి కాల్చేస్తున్నాయి. ఆ మలుపులో అన్నాళ్లూ విసుగ్గా నడిచినదాన్ని, ఆ రోజు జుట్టు సరిచేసుకున్నాను. కొంగుతో మొహం తుడుచుకున్నాను. పిచ్చిదాన్ని. తెల్లబండ ఎక్కేముందు కళ్లు మూసుకుని, ఎక్కాక తెరిచాను.

పట్టాలు తిన్నగా వాగు వంతెన దాకా కనిపిస్తున్నాయి. వాటి మీద ఎండ వణుకుతోంది. రెండు గోరింకలు పట్టా మీద నడుస్తున్నాయి. ఇంకేమీ లేదు.

"శివా" అన్నాను. పెళ్లయ్యాక పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "వచ్చేదుంటే ఇప్పుడే రా. ఇగ నేను ఆగలేను."

గోరింకలు ఎగిరిపోయాయి.

ఒక చేతిలో ఎర్రది, ఒక చేతిలో పచ్చది. ఎర్రది ఎత్తితే ఆయన వస్తున్నట్టు. మామ ఆగుతాడు, అత్త పెరట్లో చెయ్యాపి వింటుంది, నేను ఇక్కడే ఉంటాను. ఎత్తాలనిపించింది. దాచేదేముంది, చెయ్యి సగం లేచింది కూడా. ఆ కూత నేను విన్నాను. రెండోదాన్ని లాగి వదలడం విన్నాను. కానీ ఎదురుగా పట్టాలు ఖాళీగా ఉన్నాయి, అది కూడా నా కళ్లతోనే చూస్తున్నాను. గార్డు చెప్పాల్సింది విన్నది కాదు, చూసింది.

ఇటు తిరిగి పచ్చజెండా ఎత్తాను.

బండి కదల్లేదు. మామ జెండాను చూడటం లేదు, నా మొహం చూస్తున్నాడు. అంత దూరం నుంచి ఏం కనిపించిందో మరి. చెయ్యి లాగేసినా నేను దించలేదు. చివరికి ఇంజను ఒక నిట్టూర్పు విడిచి ముందుకు వచ్చింది.

గని దగ్గర దిగగానే షెడ్డులోకి పరిగెత్తాను. డీజిలు బాగుచేస్తున్న హాతీరాం అనే తండా కుర్రవాడు ఇంజను భాగాలన్నీ గోనెపట్టా మీద పరుచుకుని కూర్చున్నాడు.

"హారన్ కొట్టినవా తమ్మీ?"

"హారనా?" అతను నవ్వాడు. "ఇంజను తిరిగితేనే గద అక్కా, హారన్‌కు గాలి పట్టేది. సూడు, ఎట్లుందో. బ్యాటరీ గూడ ఖమ్మం పోయింది."

"లారీ గిట్ల ఏమన్న పోయిందా ఇటు?"

"ఈ ఎండల ఏ లారీ? నాకైతే ఏం ఇనపడలే."

వెనక మామ నిలబడి ఉన్నాడు. హాతీరాం మాట ఆయనా విన్నాడు. వెళ్లి ఇంజనుకు నూనె పోసుకున్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి బూడిద చేతులు కడుక్కుంటూ అడిగాడు.

"ఏం సూసినవ్ బిడ్డా?"

"ఎవ్వరు లేరు మామా."

"కూత ఇన్నవా?"

"ఇన్న."

"ఇన్నంక గూడ ఎవ్వరు లేరా?"

"లేరు."

అత్త గుమ్మంలో నిలబడి ఉంది. "హారన్లు రెండేనా?" అని మాత్రం అడిగింది. రెండేనన్నాను. ఆమె పెరట్లోకి వెళ్లి ఆ రాయి పక్కన నేల మీద కూర్చుంది. దీపం పెట్టే వేళైనా లేవలేదు.

నాకు భయం పట్టుకుంది. వాడు పలికితే పిల్ల ఈడనే ఉంటదని మామే అన్నాడు. పలికాడు కదా మరి! ఇంక ఈయన నన్ను వదలడు. నేనూ ఈ టోపీ పెట్టుకుని, జుట్టు నెరిసేదాకా ఆ బండ ఎక్కుతూ దిగుతూ ఉంటాను. మళ్లీ ఇంకో పక్క, శివ పలికాక నేను ముదిగొండ ఎలా వెళ్తాను? రాత్రిళ్లు ఈ రెండింటి మధ్య పడి నలిగిపోయాను. పొద్దున లేచి మళ్లీ మలుపు దగ్గర దిగేదాన్ని. మామ కూత వేసేవాడు, బదులు రాలేదు. ఆ రోజు తర్వాత మళ్లీ ఎన్నడూ రాలేదు.

మృగశిర కార్తెకు ముందే మబ్బు పట్టింది. పర్ణశాల వైపు అప్పటికే కురుస్తోందని బస్సువాళ్లు చెప్పారు. మరునాటి నుంచి బండి ఆపేస్తున్నామని, వచ్చే ఏడు డీజిలు ఒక్కటే నడుపుతామని జయప్రకాశ్ చెప్పిపోయాడు. ఆఖరి ట్రిప్పుకు జనం బాగానే వచ్చారు. ఎకో పాయింట్ ఎప్పుడొస్తుందని నన్ను అడుగుతూనే ఉన్నారు.

మలుపు దగ్గరపడింది. నేను జెండాలు చంకలో పెట్టుకుని, ఒక కాలు కింది మెట్టు మీద వేసి దిగడానికి తయారుగా నిలబడ్డాను. బండి నెమ్మదించలేదు. పక్కలైనులోకి మళ్లలేదు. పొద్దున్నే మామ బొజ్జయ్య చేత పట్టాలు తిన్నగా కలిపించాడట. కూత వేయలేదు. ఇంజను నేరుగా మలుపులోకి వెళ్లిపోయింది.

తెల్లబండ నా మొహం ముందు నుంచి జరిగిపోయింది. దాన్ని బండిలోంచి చూడటం నాకు అదే మొదటిసారి. ఎంత చిన్న బండ! నా కాలు అలాగే మెట్టు మీద ఉంది. ఏడుపొచ్చింది. టూరిస్టులు చూస్తున్నా ఆపుకోలేదు.

ఇంటికి వెళ్లేసరికి అత్త ఎదురొచ్చింది. "బండి ఆగలే ఇయ్యాల" అంది. అడిగినట్టు కాదు, ఊరికే చెప్పినట్టు. ఆమె చేతులకు పసుపుంది. పెరట్లో ఆ రాయిని కడిగి, పసుపు రాసి ఉంచింది. పక్కనే మోకాలి లోతు గుంట తవ్వి ఉంది. మలుపులో కూత లేకుండా బండి దాటిపోయిన నిమిషం నుంచి ఆమె తవ్వుతూ ఉండాలి.

మా కోయల్లో చనిపోయినవాళ్లకు రాయి నిలబెడతారు. ఇన్నేళ్లూ నేను కాలు కొట్టుకుని తిట్టుకున్నది దాన్నే.

మామ వెనకాలే వచ్చాడు. రాయిని చూశాడు, గుంటను చూశాడు.

"పలికిండు. గాని రాలే" అన్నాడు చివరికి. "అంటే రాలేని కాడ ఉన్నడు. ఇగ రోజు పిలిసి ఆన్ని సతాయించుడు ఎందుకు?"

వంగి రాయి ఒక కొస పట్టుకున్నాడు. అత్త ఇంకో వైపు పట్టింది. లేవలేదు.

"బరువుంది. నువ్వు గూడ పట్టు బిడ్డా" అన్నాడు.

పట్టాను. ముగ్గురం కలిసి దాన్ని గుంటలోకి దించి నిలబెట్టాం. అత్త కోయలో ఏదో చెప్పుకుంటూ కొడుకు పేరు పెట్టి పిలిచింది. మామ మట్టి చేతిలోకి తీసుకుని, పోయకుండా ఆగాడు. ఎందుకో నాకు తెలుసు. అత్తకూ తెలుసు. ముగ్గురం గుట్ట వైపు చెవిపెట్టి నిలబడ్డాం. దూరంగా ఒక ఉరుము వినిపించింది. రాయి మీద మొదటి చినుకులు పడి పసుపు కారడం మొదలైంది. ఇంకేమీ వినపడలేదు. మామ మట్టి పోశాడు.

వాన వెలిశాక అన్న వచ్చాడు. ఈసారి నన్ను అడిగింది మామే.

"పోతవా బిడ్డా?"

నీలం చీర మడతపెట్టి, దాని మీద జెండాలు పెట్టి ఆయనకిచ్చాను. పెరట్లోకి వెళ్లి రాయి దగ్గర కాసేపు నిలబడ్డాను. అత్త వాకిలి దాకా వచ్చి, నా కొంగులో ఏదో మూట కట్టింది, ఇప్పపూలు. మామ రాలేదు, అరుగు మీదే కూర్చున్నాడు. బదులు రాకపోతే ముందు నడవాల్సింది గార్డే. నేను నడిచాను.